ఒక్క కార్డు మీద ఇద్దరు

“నాకా? నాకెందుకొస్తదమ్మా రోగం? దానికొచ్చుంటది!”

బాలమణి కోడలి వైపు వేలు చూపి, ఒళ్లోని చేటను విసురుగా పక్కకు నెట్టింది. బీడీల తంబాకు నేలంతా చిందింది.

గుమ్మంలో నిలబడ్డ నర్సు పార్వతీబాయి గట్టిగా తుమ్మి, ఓపిగ్గా మళ్లీ మొదలుపెట్టింది. “రోగమని ఎవరన్నరు పిన్నీ? క్యాన్సర్ కాదు. గర్భసంచి మూతి కాడ కొంచెం తేడా కనిపించింది. చానామందికి దానంతట అదే పోతది. పోయిందా లేదా చూసుకోవాలె, అందుకే పెద్ద దవాఖానల మళ్లొకసారి పరీక్ష. క్యాంపుల రాసిన పేరు బాలమణి. నువ్వే గదా?”

“పేరు నాదే. మనిషి అది.”

బీడీలు చుట్టేవాళ్లుండే నీలం నగర్‌లో ఈ మాట ఎవరికీ వింతగా తోచదు. ఇంట్లో ఎందరు బీడీలు చుట్టినా కార్ఖానాలో కార్డు ఒక్కరి పేరు మీదే ఉంటుంది. ఆ కార్డు చూపిస్తేనే బీడీ దవాఖానాలో మందు. కాబట్టి జ్వరం కోడలు సరోజకు వచ్చినా, పన్నునొప్పి అత్తకు వచ్చినా, అక్కడివాళ్ల లెక్కలో బాధపడేది బాలమణే. ఆడవాళ్ల పరీక్షల క్యాంపు పెట్టిన నాడు కూడా ఇద్దరూ ఆ ఒక్క కార్డే పట్టుకుని వెళ్లారు.

“నేను ముందుగాల బల్ల మీద పడుకొని లేసి, బీడీలియ్యనీకి కార్ఖానకు ఉరికిన. కార్డు దీని చేతికిచ్చిన. నా ఎనక ఇది పడుకున్నది,” అంది బాలమణి. “బాగున్నోళ్ల ఇంటికి మీరు రారు గదా? నేను రాయి లెక్క ఉన్న. ఇగ మిగిలిందెవరు? అయినా ప్రాణం పోయినా నేనైతే ఆ పెద్ద దవాఖాన గడప తొక్క. మా అక్కను మంచమెక్కిచ్చిండ్రు, మళ్ల దిగలె.”

ఆకు కత్తిరిస్తున్న సరోజ చెయ్యి ఆగింది. అత్త ముఖం వైపు కాసేపు చూసింది.

“నాదే అక్కా. నేనొస్త,” అంది నర్సుతో. ఆమెను సాగనంపుతూ సందు చివరిదాకా వెళ్లింది.

తిరిగొచ్చేసరికి బాలమణి కొంగు నడుముకు దోపుకుని సిద్ధంగా ఉంది.

“దానితోని ఏం గుసగుసలే? నేనానాడే అనుకున్న. క్యాంపు నాడే ముట్టయి మూలకు కూసున్నవ్. నీళ్లన్ని నేనే మోసి సచ్చిన. ఎనభై ఎనిమిదిల లగ్గమాయె, ఆరేండ్లయినా కడుపు పండలె. లోపలంత పాడుంటే ఎట్ల పండుతది?”

సరోజ చిందిన తంబాకును చేతులతో పోగుచేసి చేటలోకి ఎత్తింది.

ఆ పూట నుంచి ఆమె కంచం వేరు, చెంబు వేరు. చుట్టిన బీడీలు మాత్రం ఎప్పటిలాగే బాలమణి గంపలోనే కలిశాయి. వాటికి ఏ రోగమూ అంటలేదు. నల్లా దగ్గర అత్త నోరు మూతపడకపోవడంతో, కోడలి గర్భసంచి సంగతి అవతలి భవాని పేట్ దాకా పాకింది.

కొడుకు రాజారాం మగ్గం దిగి వచ్చి, “అమ్మా, ఏం భయం లేదన్నదట గదా నర్సు,” అని గొణిగాడు. తల్లి ఒక్క చూపు చూసేసరికి అన్నంలో తల దూర్చాడు. అలాంటి మొగుడు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

పరీక్ష రోజు దగ్గర పడింది.

“రేపు పోతవా లేదా?” అంది బాలమణి.

“నువ్వొస్తెనే పోత.”

“నేనెందుకే?”

“రాకుంటే పోను. ఇట్లనే ఇంట్ల పడుంట, నీ కండ్ల ముందట.”

బాలమణికి ఒళ్లు మండింది. కానీ ఆలోచించిన కొద్దీ అందులో లాభమే కనిపించింది. కోడలు కాపురానికి పనికిరాదని డాక్టరమ్మ నోటితోనే అనిపిస్తే కులపెద్దలు కాదనలేరు. దాన్ని అట్నుంచి అటే పుట్టింటికి తోలి, రాజారాంకు ఇంకో పిల్లను చూడొచ్చు. అంత మేలు జరుగుతుంటే ఆ గడప తొక్కనన్న పాత పంతం ఎందుకు? దాన్ని తీసి గట్టున పెట్టింది.

“బట్టలు మూట కట్టుకో. మళ్ల ఈ ఇంటికి వచ్చేది లేదు.”

సరోజ మూట కట్టింది.

హోట్గి రోడ్ మీది పెద్ద దవాఖానాలో వరసలో కూర్చున్నంతసేపూ బాలమణి పక్కవాళ్లకు కోడలిని చూపిస్తూ నుదురు కొట్టుకుంది. “బంగారమసొంటి నా కొడుకు! ఎసొంటిదాన్ని కట్టుకున్నడో చూడుండ్రి!” సరోజ మూటను ఒళ్లో పెట్టుకుని ఎదురుగోడనే చూస్తూ కూర్చుంది. ఆమెకు కోపం రాలేదనుకుంటే పొరపాటే.

పిలుపు రాగానే అత్త ముందు, కోడలు వెనక లోపలికి నడిచారు. లోపల పార్వతీబాయి ఉంది. ఇద్దరూ రాగానే తలుపు గడియ వేసి, దానికి ఆనుకుని నిలబడింది.

“బాలమణి ఎవరు?” అని అడిగింది డాక్టరమ్మ.

“పేరు నాది, పరీక్ష దీనిది. నిజం చెప్పు డాక్టరమ్మా, ఇది కాపురానికి పనికొస్తదా?”

డాక్టరమ్మ ఆ మాట విననట్టే చేతులు కడుక్కుంది. “చీర మార్చుకుని బల్ల మీద పడుకోవాలి. పాత చీర తెచ్చుకున్నారా?”

సరోజ మూట విప్పింది. అందులో ఉన్నది ఒకే ఒక్క చీర. వంకాయ రంగుది, కొంగు నిండా తంబాకు మరకలు.

“నా చీరెందుకు తెచ్చినవే?” అని అరిచింది బాలమణి.

సరోజ ఆ చీరను అత్త చేతుల్లో పెట్టింది.

“క్యాంపు నాడు ముట్టున్నదని నన్ను గడప కాడి నుంచే వాపస్ పంపిండ్రత్తా.”