సిరిల్ అప్పగించిన ఓటు

“మీ నాయకుడి మొహం ఎప్పుడైనా సరిగ్గా చూశావా? ఉడకేసిన బంగాళదుంపకి టై కట్టినట్టుంటాడు,” అన్నాడు సిరిల్, ఆసుపత్రి మంచం మీద వెల్లకిలా పడుకునే.

“మీ వాడికి ఆ టై కూడా ఇంకొకడు కట్టాలి,” అన్నాడు ఎర్నీ, సిరిల్ కోసం తెచ్చిన ద్రాక్షపళ్లు తనే తింటూ.

“పన్నులు పెంచడం తప్ప మీ లేబర్ వాళ్లకి ఇంకేం చేతనవును?”

“తుంటి విరగ్గొట్టుకుని, అంబులెన్సు కోసం వంటింట్లో నేల మీద ఎంతసేపు పడున్నావో మర్చిపోయావా? అప్పుడున్నది ఎవరి ప్రభుత్వంరా? మీ కన్సర్వేటివ్‌లది కాదూ?”

“ట్రాఫిక్ వల్ల ఆలస్యమైంది.”

“ఆదివారం పొద్దున్నే ట్రాఫిక్కా!”

పక్క మంచం మీదాయన కుట్లు నొప్పెడుతున్నా నవ్వాపుకోలేకపోయాడు. నర్సు వచ్చి నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. “మీరిద్దరూ ఇలాగే అరుచుకుంటే ఎన్నికలు అయ్యేదాకా ఇద్దర్నీ వేరే వేరే వార్డుల్లో పడేస్తాను,” అంది.

“నేను రోగిని కాదమ్మా,” అన్నాడు ఎర్నీ.

“కాసేపట్లో అవుతారు.”

ఇంగ్లండులో డెర్బీషైర్ జిల్లాలోని ఆ చిన్న ఊళ్లో వాళ్లిద్దరి తగువు తెలియనివాళ్లు లేరు. ఎర్నీ బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. సిరిల్ మొన్నమొన్నటిదాకా మాంసం కొట్టు నడిపాడు. సిరిల్ మామగారు ఒకప్పుడు ఊళ్లో కన్సర్వేటివ్ పార్టీకి పెద్ద. పెళ్లయిన ఏడాది ఎన్నికలొస్తే సిరిల్ కొట్టు అద్దానికి ఆ పార్టీ నీలం పోస్టరు అంటించాడు. ఎదురింటి కిటికీలో ఎర్నీ లేబర్ వాళ్ల ఎర్రది అంటించాడు. ఆ శుక్రవారం సాయంత్రం ఇద్దరూ పబ్బులో ఎదురుపడ్డారు. అప్పుడు మొదలైన వాదన ప్రతి శుక్రవారం సాగుతూ ఇంకా తెగలేదు.

బస్సు డ్రైవర్లు సమ్మె చేసినప్పుడు వాళ్లంతా పని దొంగలని సిరిల్ బల్ల గుద్ది మరీ వాదించాడు. మర్నాడు పొద్దున సమ్మెలో ఉన్న ప్రతి ఇంటి గుమ్మంలోనూ సాసేజీల పొట్లం ఉంది. ఎవరు పెట్టారని అడిగితే, “కుక్కలు ఎత్తుకొచ్చి ఉంటాయి,” అన్నాడు.

ఒక శుక్రవారం సిరిల్ జ్వరమొచ్చి పబ్బుకి రాలేదు. ఆ పూట ఎర్నీ సొంత పార్టీ వాళ్ల మధ్య కూర్చున్నాడు. అతనేమన్నా అందరూ తలలూపారు. సగం గ్లాసు వదిలేసి ఇంటికెళ్లిపోయాడు. సిరిల్ భార్య మార్జరీ పోయాక సిరిల్ తలుపు తట్టే మనిషి ఎర్నీ ఒక్కడే. అదీ పోట్లాడటానికి.

నర్సు అటు వెళ్లగానే సిరిల్ గొంతు తగ్గించాడు. “గురువారం పోలింగు. నేను లేవలేను. నా బదులు నువ్వెళ్లి నా ఓటు వెయ్యి.”

ఎర్నీ నోట్లో ద్రాక్షపండు గొంతుకి అడ్డం పడింది. “నేనా?”

“నా బదులు ఇంకొకరు ఓటేసే అర్జీ మీద డాక్టరు చేత సంతకం కూడా పెట్టించాను. నీ పేరే రాశాను.”

“కన్సర్వేటివ్ ఓటు నా చేత్తో వెయ్యాలా? నీకు మందు ఎక్కువైనట్టుంది.”

“ఓటేసే అరలో నువ్వొక్కడివే ఉంటావు. నేనేమైనా వెనకాల నిలబడి చూస్తానా? నువ్వెలాంటివాడివో నాకు తెలుసురా. నీ మీద పూర్తి నమ్మకముంది.”

ఎర్నీకి రోషమొచ్చింది. ఇన్నేళ్ల తర్వాత ఈ ముసలాడు తనకి పరీక్ష పెడుతున్నాడన్నమాట!

ఇంటికొస్తే కూతురు షీలా ఎర్ర రిబ్బను పువ్వు గుండెకి తగిలించుకుని కరపత్రాలు సర్దుతోంది. సంగతి విని ఎగిరి గంతేసింది.

“నాన్నా, ఈసారి ఇక్కడ నువ్వా నేనా అన్నట్టుంది. ఒక్కొక్క ఓటుకీ గుమ్మాలు ఎక్కి దిగి నా మోకాళ్లు అరిగిపోయాయి. ఇది తేరగా దొరికింది! మనకే వేసెయ్. ఎవరికి తెలుస్తుంది?”

“నాకు తెలుస్తుంది.”

“సిరిల్ అంకుల్‌కి మాత్రం చెప్పొద్దులే.”

“వాడు నన్ను నమ్మి ఇచ్చాడే!”

“నీ మనవల గురించి ఆలోచించు,” అంది షీలా. ఎర్నీ టీ పెట్టుకోవడానికి వెళ్లాడు.

గురువారం చర్చి హాల్లో గుర్తింపు కోసం బస్సు పాసు చూపించి తన ఓటు చిటికెలో వేసేశాడు. సిరిల్ తరఫున రెండో కాగితం తీసుకుని మళ్లీ అరలోకి వెళ్లాడు. దారానికి కట్టిన పెన్సిలు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. లేబర్ అభ్యర్థి పేరు మీదికి పెన్సిలు దానంతటదే వెళుతోంది. ఎర్నీ దాన్ని వెనక్కి లాగాడు. బయట ఎవరిదో కుక్క మొరిగింది. “అంతా బాగానే ఉందా అండీ?” అని హాల్లో కూర్చున్న అమ్మాయి అడిగింది.

“లేదమ్మా,” అని కళ్లు మూసుకుని, మళ్లీ తెరిచి, కన్సర్వేటివ్ అభ్యర్థి పేరు పక్కన ఇంటూ గుర్తు పెట్టాడు. వేళ్లు చురుక్కుమన్నట్టయింది.

గుమ్మం బయట షీలా ఎదురుపడింది. “రెండూ మనకేగా?” ఎర్నీ టోపీ కిందికి లాక్కుని బస్టాపు వైపు నడిచాడు.

ఆసుపత్రిలో సిరిల్ దిళ్లకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. నున్నగా గడ్డం గీసుకున్నాడు. కళ్లు మెరుస్తున్నాయి.

“వేశావా?”

“వేశాను.”

“రెండూ?”

“రెండూ.”

“ఎవరికి వేశావో చెప్పవోయ్. నేనేమీ అనుకోను.”

ఎర్నీ ఛాతీ విరుచుకున్నాడు. “నాది మా వాళ్లకి. నీది మీ వాళ్లకే. నా జన్మలో చెయ్యననుకున్న పని నీ కోసం చేశాను.”

సిరిల్ మొహం వాడిపోయింది. “నిజంగానా?”

“మా అమ్మ మీద ఒట్టు.”

సిరిల్ పెద్దగా మూలిగాడు. నర్సు పరుగెత్తుకొచ్చింది. “తుంటి నొప్పా?”

“తుంటి కాదమ్మా, వీడు,” అన్నాడు సిరిల్.

“ఏమైందిరా? నీ నమ్మకం నిలబెట్టానుగా!”

“నువ్వు మోసం చేస్తావని నమ్మాను కదరా, సన్నాసీ!”

ఎర్నీ అయోమయంగా చూశాడు. సిరిల్ అతని కాలరు పట్టుకుని దగ్గరికి లాక్కుని, పక్క మంచానికి వినపడకుండా చెవిలో అన్నాడు:

“నా ఓటు ఎప్పుడూ మీకేరా.”