దారిలో పోయిన అరగంట

“మళ్ళా లేటు! ఇంకొక్క దినం ఇట్లా వస్తే బ్యాచ్‌లో నించి తీసేస్తానని మణిమారన్ సారు చెప్పేసినాడు, తెలుసునా?”

ట్యూషన్ గేటు దగ్గర జనార్దనం గొంతు పెంచాడు. పదో తరగతి చదివే అతని కూతురు నందిత వ్యాన్ దిగి, బ్యాగు భుజాన వేసుకుంది.

“ట్రాఫిక్ అప్పా.”

“దినామూ అరగంట ట్రాఫిక్కా? స్కూలు నించి ఈడికి పదిహేను నిమిషాలు కూడా పట్టదే! ఏం పెద్దాయనా, మాట్లాడవేం?”

డ్రైవరు యతిరాజులు తల తిప్పుకున్నాడు. “కోడంబాక్కం బ్రిడ్జి సంగతి మీకు తెలవందా సార్.”

జనార్దనం నమ్మలేదు. ఎనిమిదితో చదువు వదిలేసి, ఇరవై ఏళ్ళుగా హార్డ్‌వేర్ షాపులో మేకులు తూచి తూచి అతని అరచేతులు తుప్పురంగుకి తిరిగాయి. కూతురికి ఆ బతుకు వద్దు. అందుకే తెల్లారి నాలుగున్నరకే లేపుతున్నాడు. రాత్రి పదకొండు దాకా పక్కన కూర్చుని, ఆవలింతలు మింగుతూ చదివిస్తున్నాడు. రెండు నెలలుగా మార్కులు కూడా పెరుగుతున్నాయి. తలనొప్పి మాత్రలు అడగడం మానేసింది. భార్య కోకిల నానబెట్టి పెడుతున్న బాదంపప్పు చలవ అనుకున్నాడు. ఇంత కష్టపడి దక్కించుకున్న సీటు ఈ ముసలాడి మూలంగా పోవాలా?

“షూటింగోళ్ళకి సామాను తోలతా ఉంటాడన్నా,” షాపులో బిల్లులు రాసే మంగళ తేల్చేసింది. “మా వీధిలో వ్యానోళ్ళకి అదే పని. పిల్లోళ్ళని లోపల కూచోబెట్టుకోనే మధ్యలో ఒక ట్రిప్పు కొట్టేస్తారు. నువ్వు బలే అమాయకుడివి పో!”

మర్నాడు జనార్దనం సెలవు పెట్టి, స్కూటరు మీద వ్యాన్ వెనకే వెళ్ళాడు.

బ్రిడ్జి ఎక్కాల్సిన వ్యాన్ ఎడమకి తిరిగింది. మూతబడ్డ స్టూడియో గోడ పక్కన, చెట్టునీడలో ఆగింది. యతిరాజులు దిగి, కిటికీలకి పాత చీర ముక్కలు కట్టడం మొదలుపెట్టాడు.

దొరికాడు దొంగ!

జనార్దనం స్కూటరు అక్కడే వదిలేసి పరుగెత్తాడు.

“ఏంది, ఏం దాస్తా ఉండావు లోపల? ఈ పొద్దుతో నీ వ్యాను బందు! అందరి ఇండ్లకీ పోయి చెప్తా!”

“సార్, సార్... మెల్లగా.” యతిరాజులు తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు.

“మెల్లగానా? నా బిడ్డ బతుకు నాశనం చేస్తా ఉండి, నాకు మెల్లగా అంటావా? జరుగు!”

“చెప్పుకోండి సార్, అందరికీ చెప్పుకోండి. నా పొట్ట పోతే పోనీ.” ముసలాయన రెండు చేతులూ జోడించాడు. “ఇంకొక అరగంట మాత్రం ఆగి చెప్పండి.”

జనార్దనం అతన్ని పక్కకి నెట్టి, కిటికీ మీది గుడ్డ పైకెత్తాడు.

తొమ్మిదిమంది పిల్లలూ ఒకరి మీద ఒకరు ఒరిగి నిద్రపోతున్నారు.