వంతెన దాటిన చుక్క

"నేనెక్కడ తిరుగుతున్నానో దొంగచాటుగా చూస్తున్నారా అత్తయ్యా? అదీ మీ అబ్బాయి ఫోన్లోంచి! నా ఫోను బాగుచేస్తూ రిపేరు షాపతను కనిపెట్టాడు. అంతా తీసేయించి వస్తున్నా."

కోడలు చెప్పులైనా విప్పకుండా వంటింటి గుమ్మంలో నిలబడి నిలదీసింది. మొగుడు పోయిన తనమీద ఈ కాపలా ఏమిటని దారి పొడుగునా ఆమెకు ఒళ్లు మండిపోతూనే ఉంది.

అత్తగారు పిండి డబ్బా వెనకనుంచి చనిపోయిన కొడుకు ఫోను తీసింది.

"పెట్టింది నేను కాదమ్మా, వాడే. నీ బస్సు వంతెన దాటినట్టు ఇందులో మ్యాపు మీద చుక్క కనబడగానే టీ పెట్టేవాడు. నువ్వొచ్చేసరికి వేడిగా ఉండాలని వాడి పట్టుదల. నీకు చెప్పొద్దనేవాడు. వాడు పోయాక నేను చూస్తున్నా."

బస్సు ఎంత ఆలస్యమైనా టీ పొగలు కక్కుతూనే ఉండేది. ఆయన పోయాక కూడా. అదెలాగని కోడలు ఒక్కనాడూ ఆలోచించలేదు.

"ఇవాళ నీ చుక్క ఆ షాపు దగ్గరే ఆరిపోయింది," అంది అత్తగారు, పొయ్యి పక్కనున్న టీ కప్పు అందుకుంటూ. "ఎక్కడున్నావో తెలియక ఎప్పుడో పెట్టేశాను. చల్లారిపోయింది. ఉండు, వేడిచేసిస్తా."

"వద్దత్తయ్యా."

కోడలు ఆ చల్లటి కప్పును రెండు చేతులతో పట్టుకుని అక్కడే కూలబడిపోయింది.