సముద్రం ఒడ్డు ముచ్చట

“తాగి పడ్డడంటే ఉత్తగ పడలేదవ్వా, కక్కిన దాంట్లనే పొర్లిండు,” అన్నాడు మొగిలి, అంబలి గిన్నె దించి మూతి తుడుచుకుంటూ. “ఇసుకల నుంచి ఎండ్రికాయలొచ్చి చెవులమీద పాకుతున్నయి. సాయిలన్నకు సోయే లేదు.”

సాయిలు భార్య చంద్రమ్మ తలుపు పట్టుకుని నిలబడింది.

పొద్దున బాలానగర్ అంగడికి పోయిన అత్త రుక్కమ్మ, వస్తూ వస్తూ ఈ మొగిలిని కొండాపూర్ దాకా వెంటబెట్టుకొచ్చింది. సాయిలుతో కలిసి విశాఖపట్నంలో మిలట్రీ కొలువు చేసినవాడట. ఖాకీ చొక్కా ఎవరిదో తొడుక్కున్నట్టు భుజాల దగ్గర వేలాడుతోంది.

యుద్ధం ముగిసిన ఏడాదే సాయిలు పోయాడని టెలిగ్రాం వచ్చింది. ఎలా పోయాడో అందులో లేదు. చంద్రమ్మ నమ్మలేదు, మెట్టెలు తీయలేదు. వాళ్ల కులంలో మారుమనువు తప్పు కాదు. పక్క వాడ రామన్న నెమ్మదైన మనిషి, ఎన్నాళ్లుగానో అడుగుతున్నాడు. “నా మొగడు వస్తడు,” అనేది ఆమె జవాబు. ఇవాళ పొద్దుగూకేలోపు మాట చెప్పకపోతే వేరే పిల్లను చూసుకుంటామని రామన్న అక్క నిన్ననే చెప్పిపోయింది. 

“ఛుట్టి దొరికితే ఇంకేం జేసెటోడు?” అని అడిగింది రుక్కమ్మ.

మొగిలి చంద్రమ్మ వైపు చూసి తల దించుకున్నాడు. “ఎందుకులే అవ్వా.”

“చెప్పు. దాని ముందటనే చెప్పు.”

“బెస్తవాడల ఒకామె ఉండె. చేతి కడెం తీసి ఆమెకిచ్చిండు. ‘ఇంటికాడ పెండ్లాం ఉన్నదా’ అంటే, ‘ఎవ్వరు లేరు’ అన్నడు.”

“ఏం కడెం?” చంద్రమ్మ తలుపు వదిలి ముందుకొచ్చింది.

“వెండిది. ఒక దిక్కు సొట్ట ఉండె.”

సాయిలు బయలుదేరిన నాడు, అతణ్ని పొయ్యి దగ్గర నిలబెట్టి, చంద్రమ్మ తన చేతిది తీసి తొడిగిన కడెం అది. అత్తకు తప్ప ఊళ్లో ఎవరికీ తెలియదు.

“ఎట్ల పోయిండు?”

“తాగి అలలల్లకు నడిచిండు. మేమే ఒడ్డుకు గుంజినం. నా చేతులతోనే మట్టేసిన.”

రుక్కమ్మ కొంగు నోట్లో కుక్కుకుని గోడవైపు తిరిగింది. కొడుకు చేసిన పనికి సిగ్గుతో చచ్చిపోతోందనుకుంది చంద్రమ్మ. ఆమెకు మాత్రం సిగ్గు కాదు, రోత. ఆ కక్కు, ఆ ఇసుక, ఆ పాకే కాళ్లు తన ఒంటిమీదే ఉన్నట్టున్నాయి. ఇలాంటివాడి కోసమా రోజూ వాకిలి చూసింది!

“థూ!” అని ఉమ్మి, మెట్టెలు లాగి పెంటకుప్పలోకి విసిరింది.

“రామన్నకు కబురు పెట్టత్తా.”

“మంచిది బిడ్డా.” రుక్కమ్మ మొగిలిని సాగనంపడానికి లేచింది.

ఆ మనిషి తాగిన గిన్నెను ఇంట్లోకి తేవడానికి చంద్రమ్మకు మనసొప్పలేదు. బూడిద వేసి తోముదామని పెరట్లోకి పోయింది. కంచె అవతల అత్త వెక్కివెక్కి ఏడుస్తోంది.

“కడెం ముచ్చట నేర్పిన గని, ఎండ్రికాయల ముచ్చట నేను చెప్పమనలేదు గద కొడుకా!”