ఆమేన్ ముందు పరుగు

తిమోతి పడుచు కౌజుపుంజు. చర్చి వెనుక జొన్నచేలో ఉండేవాడు. మగకౌజులను రప్పించడానికి వేటగాడు రోజూ ఉదయం పంజరంలో దీమపు పెట్టను ఉంచి, చుట్టూ ఉచ్చులు పన్నేవాడు. పెట్ట కూస్తే తిమోతి మనసు మనసులో ఉండేది కాదు. "ప్రభువా, నన్ను నిలబెట్టు" అని ప్రార్థిస్తూనే, తన విశ్వాసం ఎంత గట్టిదో చూసుకోవడానికి రోజుకో అడుగు ముందుకు వేసేవాడు.

ఒకనాడు ఉచ్చు బిగిసి గోరు ఊడింది. కుంటుతూ వచ్చిన అతణ్ణి ఒంటికాలి ముసలి కౌజు చూశాడు.

"నిలబెట్టమని నేనూ అడిగానురా. అక్కడే నిలబడ్డాను, కాలు పోయింది."

"మరేమడగను, తాతా?"

"పారిపోయే కాళ్ళిమ్మని అడుగు."

మర్నాడు పెట్ట మరింత తీయగా కూసింది. తిమోతి ప్రార్థన మొదలుపెట్టి, వెనుదిరిగి పరుగెత్తాడు. కూత వినబడని గట్టు చేరాకే ఆమేన్ అన్నాడు.