దెయ్యాల కొంపలో కేకలు

దూలం వచ్చి పెయింటరు నడుం మీద పడింది. దాని వెనకే పైకప్పు రేకులు జారి, ఆ దూలం మీదే కుప్పపడ్డాయి.

మొదట నొప్పి తెలియలేదు. లేవబోతే కాళ్ళు మాట వినలేదు. అప్పుడు పట్టుకుంది భయం. పైనుంచి ఇంకా మట్టి రాలుతూనే ఉంది. మిగిలిన కప్పు ఇప్పుడో ఇంకాసేపటికో కూలేలా కిర్రుమంటోంది. అదీ మీద పడిందా, ఇక అంతే సంగతులు.

ఏం పోయేకాలమో, ఒంటరిగా లోపలికొచ్చాడు. మూతపడి ఏళ్ళు గడిచిన పార్కు. వచ్చే వారం బుల్డోజర్లు దిగుతాయని తెలిసి, ముగ్గురు స్నేహితులూ మధ్యాహ్నమే డ్రైవరు వ్యానులో బయల్దేరారు. ఇళ్ళకు రంగులేసే ఇతనూ, డ్రైవరూ, బట్టలు కుట్టే టైలరక్కా. కంచె దూరి, తుప్పుపట్టిన జెయింట్ వీల్ చూశారు. ఎండిపోయిన పడవల మడుగు చూశారు. తీరా దెయ్యాల కొంప దగ్గరికొచ్చేసరికి, "మీరిక్కడే కూర్చోండి, ఒక్కసారి లోపలికెళ్ళొస్తా" అని ఇతనే ఉబలాటపడ్డాడు. ఫోనేమో వ్యానులోనే వదిలేశాడు.

చెక్కగోడ చీలికలోంచి ఆ ఇద్దరూ కనిపిస్తూనే ఉన్నారు. మెట్ల మీద డ్రైవరు, పక్కనే టైలరక్క. పిలిస్తే పలికేంత దూరం.

"కాపాడండి," అని గొంతు చించుకున్నాడు పెయింటరు. "చచ్చిపోతున్నాను, కాపాడండి."

డ్రైవరు పకపకా నవ్వాడు. "మొదలెట్టాడక్కా. ఇందాకటి ఆ ధడేల్‌మన్న చప్పుడు కూడా వీడి పనే. దేన్ని తన్నాడో ఏమో."

"ఒరేయ్, నిజంగా అంటున్నా. నడుం విరిగింది."

"నిజమేనట," అన్నాడు డ్రైవరు తొడ చరుచుకుంటూ. "ఏడుపు కూడా కలిపాడు చూడు. వీడి వేషాలు మనకి తెలియనివా."

పెయింటరుకి ఒళ్ళు మండింది. ఆ వెంటనే ఏడుపు ముంచుకొచ్చింది. ఏం చెబితే నమ్ముతారు? పిల్లల మీద ఒట్టు పెట్టాడు. కాళ్ళు పట్టుకుంటానన్నాడు. డ్రైవర్ని ఏడు తరాలు కలిపి తిట్టాడు. తిట్టిన కొద్దీ వాడి నవ్వు ఎక్కువైంది. గట్టిగా అరిచిన ప్రతిసారీ పైన కప్పు మరికాస్త దిగుతోంది. అరవడం తప్ప వేరే దిక్కు లేదు.

టైలరక్క మాత్రం నవ్వలేదు. ఇక అతని ఆశంతా ఆవిడ మీదే. ఆవిడ లేచి నిలబడింది. గోడవైపు చెవి పెట్టి శ్రద్ధగా విన్నది.

"అక్కా, నీకు పుణ్యముంటుంది. నువ్వన్నా రా."

ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చేత్తో తుడుచుకుని డ్రైవరు వైపు తిరిగింది.

"నువ్వు కాసేపు నవ్వకురా, విననీ. మళ్ళీ ఎప్పుడు వింటాం."

పెయింటరు నోటినిండా మట్టి. ఊపిరి అందడం లేదు. మళ్ళీ అక్కా అనబోతే మూలుగే వచ్చింది. తర్వాత అదీ రాలేదు. పైన కప్పు బరువుగా కదిలింది.

లోపల్నుంచి ఇక ఏ శబ్దమూ లేకపోయేసరికి, బయట ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. డ్రైవరు కూడా లేచి నిలబడ్డాడు. నిలబడి ఇద్దరూ చప్పట్లు కొట్టారు, అరచేతులు ఎర్రబడేదాకా.

"పద, బండి స్టార్ట్ చేస్తా," అన్నాడు డ్రైవరు. "హారన్ వింటే వాడే పరిగెత్తుకొస్తాడు."

పార్కు నడిచినన్నాళ్ళూ, టిక్కెట్టు కొని లోపలికొచ్చిన జనాన్ని హడలగొట్టడానికి ఆ చీకట్లోనే పడి ఉండి అచ్చం అలాగే కేకలు పెట్టడమే పెయింటరు ఉద్యోగం గానీ, బయట జెయింట్ వీల్ తిప్పిన డ్రైవరూ, గేటు దగ్గర టిక్కెట్లు చింపిన అక్కా ఆ పనితనానికి చప్పట్లు కొట్టింది మాత్రం ఇవాళే.