పేడ ఎవరిది?

ఎవరికి అన్యాయం జరిగింది? గట్టమ్మకు.

ఎట్లా జరిగింది? ప్రభుత్వ ఖర్చుతో, పూలదండలతో, చప్పట్ల మధ్య.

1983. తొర్రూరు దగ్గరి ఒక పల్లె. సురేందర్ రావు పెరట్లో సగం సర్కారు సొమ్ముతో గోబర్ గ్యాస్ ప్లాంటు కట్టారు.

"ఇక వంటచెరకు అక్కరలేదు. గుట్ట మీద చెట్టు బతుకుతుంది" అని ఆఫీసరు ప్రసంగించాడు.

సురేందర్ రావు మైకు అందుకున్నాడు.

"అరవై తొమ్మిదిల, తెలంగాణ ఉద్యమమప్పుడు నేను స్టూడెంటును. స్టేషన్ ఘన్‌పూర్‌ల పోలీసులు ఎంట పడ్డరు. ఎవరో ఒక తల్లి నన్ను దాచి, నా దెబ్బలు తను తిన్నది. ఆమె మొఖం సుత చూడలే. ఆ రుణం తీర్చుకునేందుకే ఈ ప్రజాసేవ!"

ఎక్కడ దాచిందో మాత్రం ఆయన ఏ సభలోనూ, ఎవరికీ చెప్పలేదు.

మరునాడు పొద్దున, బతుకుతెరువుకు ఎక్కడినుంచో వచ్చి వాడ చివర గుడిసె వేసుకున్న గట్టమ్మ, ఎప్పటిలాగే పిడకల పేడ కోసం దొర సురేందర్ రావు పశువుల వెనక గంపతో నడిచింది. బాట మీద పడిన పేడ ఎత్తుకున్నవాళ్లదే. అది ఆ ఊరి ఆచారం.

"గంప దించు!"

"ఏంది దొరా?"

"పెండ నా పశువులది. ఇగ నా గ్యాసుకు గావాలె."

"మీ బాపు ఉన్ననాడు బాట మీది పెండను ఎవ్వలు అడగలే గద!"

"అప్పుడు దానికి ఇలువ లేకుండె. ఇప్పుడున్నది. దొంగతనం నేర్చినవానే?"

జీతగాడు యాకయ్య తల వంచుకొని, గంపను ప్లాంటు తొట్టిలో గుమ్మరించాడు.

ఆ పూట కంపు కొట్టింది పేడ కాదు.

"మీ పొయ్యిల పొగ వోయింది, దొరా. మా పొయ్యిల నిప్పే వోయె" అంది గట్టమ్మ.

"మాటలు బాగనే నేర్చినవ్. పో, గుట్టకు పోయి కట్టెలు కొట్టుకో."

వాడలోని ఆడవాళ్లంతా గొడ్డళ్లు పట్టుకొని గుట్ట ఎక్కారు. ఆఫీసరు కాగితాల్లో బతికిన గుట్ట రెండేళ్లలో బోడిదయింది. దొరగారి వంటింట్లో మాత్రం, వచ్చిన ప్రతి అధికారికీ నీలిమంట చూపించి చాయ పోశారు.

ఆ రెండో ఏటి వానాకాలం పచ్చికట్టెల మోపుతో గుట్ట దిగుతూ జారిపడి గట్టమ్మ చనిపోయింది.

కట్టెలన్నీ తడి. వాడ మొత్తం వెతికినా చితికి ఒక్క పిడక దొరకలేదు.

సురేందర్ రావు తన కొట్టంలో మిగిలిన పాత పిడకలు బండి నిండా పంపాడు. వెనకే తానూ వచ్చి, నలుగురూ వినేలా అన్నాడు:

"నా తరఫు దానం."

గట్టమ్మ చెల్లెలు వీరమ్మ ఖాళీ అవుతున్న బండిని చూసింది.

"దానం గాదు, దొరా. మా అక్కకు మీరు వడ్డ రుణం. ఇయ్యాల్టితోని మొత్తం తీరింది."

"ఏం రుణం?"

వీరమ్మ ఆఖరి పిడకను అక్క గుండెల మీద పెట్టింది.

"ఆనాడు ఘన్‌పూర్‌ల మా అక్క మిమ్ముల దాచింది సుత ఒక్క బండి పిడకల కిందనే."